గీసిన గీతను తానే దిద్దిన ఇందుమతి గారు

గత సోమవారం ఉదయం కెనడాలోని మార్కమ్‌లో ఆఫీసుకు బయలుదేరి, కారు అద్దం మీద పేరుకున్న మంచు గీకుతుంటే ఫోన్ మోగింది. ఒట్టావా నుంచి రామ్మోహన్ అంకుల్. ఎప్పుడు ఫోన్ చేసినా ముందు "ఎలా ఉన్నావమ్మా" అని అడిగే మనిషి ఆయన. ఆ రోజు అడగలేదు. "ఇందు వెళ్లిపోయిందమ్మా, తెల్లవారకముందే" అన్నారు. నేను "సరే అంకుల్" అన్నాను. మృత్యువార్త విని ఎవరైనా సరే అంటారా? ఆ క్షణంలో నా నోటికి వచ్చిన మాట అదే. ఫోన్ పెట్టేశాక, సగం గీకిన అద్దాన్ని అలాగే వదిలేసి, ఇంటి ముందు మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను. ఆమె జబ్బు సంగతి ఏడాదిగా తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు సిద్ధపడదని ఆ ఉదయం అర్థమైంది.

డాక్టర్ కొల్లూరి ఇందుమతి గారి పేరు ఈ పత్రిక పాఠకుల్లో చాలామంది విని ఉండరు. సభల్లో మొదటి వరుసలో కూర్చునే అలవాటు ఆమెకు లేదు. కానీ ఐరోపాలో కోట్లాది ప్రజలు పీల్చే గాలి గురించి చట్టాలు చేసేవారి ముందుండే కాగితాలలో మొట్టమొదటి గీత చాలాకాలం పాటు ఆమె గీసినదే. ఆ రంగంలో దాన్ని బేస్‌లైన్ అంటారు. కొత్తగా ఏ చట్టమూ చేయకుండా, ఉన్న చట్టాలను మాత్రం అమలు చేస్తూ పోతే రాబోయే సంవత్సరాలలో ఎంత పొగ, ఎంత ధూళి గాలిలో కలుస్తుందో చూపే అంచనా అది. కొత్త చట్టం కావాలా వద్దా అనే చర్చ అక్కడే మొదలవుతుంది. గీత కిందికి దిగుతూ ఉంటే, దానంతటదే తగ్గుతోంది గనక మనం కదలనక్కర్లేదంటారు. పైనే ఉంటే కదలక తప్పదు. అందుకే ఆ గీతను తమకు అనుకూలంగా వంచాలని చూసేవారికి ఏనాడూ కొదవ లేదు.

ఆమె పల్నాడులో ఒక సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో పుట్టి పెరిగారు. తీగ మీద ఆరిన బట్టలను దులిపి గాని లోపలికి తేకూడదన్నది ఆ ఇంటి నియమం. అన్ని ఊళ్లలోనూ బట్టలు దులిపే తెస్తారని తాను హైస్కూలు దాకా అనుకునేదాన్నని చెప్పి నవ్వేవారు. కెమికల్ ఇంజనీరింగ్ చదివి, ఐరోపాలో ఒక పరిశోధన సంస్థలో చేరి, అక్కడే ఈ విద్యలో ఆరితేరారు. భర్త రామ్మోహన్ గారికి ఒట్టావా శివారు కనాటాలో టెలికాం ఉద్యోగం వచ్చాక ఒట్టావా చేరారు. అక్కడి ఒక చిన్న కన్సల్టింగ్ సంస్థ ఐరోపా దేశాలతో ఒప్పందం మీద ఈ అంచనాలు తయారుచేసేది. ఆ జట్టుకు ఆమె నాయకురాలు. ఐరోపాలో మధ్యాహ్నం మాకు ఉదయం గనక, ఒట్టావాలో జనం కాఫీ కలుపుకునే వేళకు ఆమె అప్పటికే రెండు సమావేశాలు ముగించి ఉండేవారు.

నేను ఆమెను మొదటిసారి చూసింది యూనివర్సిటీలో. కరీంనగర్ నుంచి మాస్టర్స్‌కి వచ్చి, సాయంత్రాలు ఒక కాఫీ దుకాణంలో పనిచేస్తున్న రోజులు. ఆమె మా క్లాసుకు అతిథిగా వచ్చి ఉపన్యసించారు. చివర్లో నేను లేచి, ఏమీ చేయకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతమంది శాస్త్రవేత్తలు ఎందుకని ఇంగ్లీషులో అడిగాను. క్లాసు నవ్వింది. ఆమె నవ్వలేదు. క్లాసు అయ్యాక నా దగ్గరకొచ్చి, తెలుగమ్మాయివా అని అడిగి, జవాబు తెలుగులో చెప్పారు.

"ఏమీ చేయకపోవడం అంటూ లోకంలో ఉండదమ్మా. జనం పెళ్లిళ్లు చేసుకుంటారు, ఇళ్లు కట్టుకుంటారు, పాత కారు అమ్మి కొత్తది కొంటారు. ప్రభుత్వం నిద్రపోయినా జనం నిద్రపోరు కదా. ముందు అదంతా రాయాలి. అది రాస్తే గాని, చట్టం వల్ల ఏం మారిందో, దానంతటదే ఏం మారిందో తెలియదు."

ఆ వేసవిలో నేను ఆమె దగ్గర ఇంటర్న్‌గా చేరాను. చదువు పూర్తయ్యాక ఆ సంస్థే ఉద్యోగం ఇచ్చింది. ఆఫీసులో అందరూ ఆమెను పేరు పెట్టి పిలిచేవారు. నాకు మాత్రం మేడమ్ తప్ప నోరు తిరిగేది కాదు.

చేరిన కొత్తలో ఒక దేశం ఫైలు నాకు అప్పగించారు. అక్కడి మంత్రి, పాత బొగ్గు విద్యుత్ కేంద్రాలను మూసేస్తామని అప్పుడే ప్రకటించి ఉన్నారు. పత్రికలన్నీ రాశాయి. నేనూ ఉత్సాహంగా ఆ కేంద్రాలను లెక్కలోంచి తీసేశాను. గీత అందంగా కిందికి దిగింది. ఆమె చూసి, ఇది చట్టమైందా అని అడిగారు. ఇంకా కాలేదు గానీ చేస్తారట అన్నాను. "చేస్తామన్నది వాళ్ల మాట. చేసింది చట్టం. మాటను లెక్కలో పెడితే, ఆ మాట నిలబెట్టుకోవాల్సిన అవసరం వాళ్లకు లేకుండా మనమే చేసినట్టు" అన్నారు. బొగ్గు కేంద్రాలను మళ్లీ లెక్కలో పెట్టించారు. ఆ మంత్రి తరువాతి ఎన్నికల్లో ఓడిపోయారు. కేంద్రాలు ఇంకొన్నాళ్లు నడిచాయి. అప్పుడు ఆమె ఆ సంగతి నా దగ్గర ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు అంతగా గుర్తుండేది కాదేమో.

ఒక ఉగాదికి ఒట్టావా తెలుగువాళ్లంతా ఒక హాలులో కలిశాం. పంచాంగం చదవాల్సిన ఆయనకు జ్వరం వచ్చింది. రిటైరైన ఒక డాక్టర్ గారు సరదాగా, భవిష్యత్తు చెప్పే ఇందుమతి గారు ఉండగా పంతులు గారెందుకు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మైకు తీసుకోక తప్పలేదు. "పంచాంగం ఏం జరుగుతుందో చెబుతుంది డాక్టర్ గారూ. మనం ఊరుకుంటే ఏం జరుగుతుందో నేను చెబుతాను. నేను చెప్పింది జరగకపోతే నాకు సంతోషం, ఎందుకంటే ఎవరో ఒకరు ఊరుకోలేదన్నమాట" అని మైకు ఇచ్చేసి, వడ్డన దగ్గరికి వెళ్లి పులిహోర అందుకున్నారు. తన అంచనా తప్పు కావాలని కోరుకునే శాస్త్రజ్ఞులు ఎందరుంటారు? అయితే, లోకం మేలుకున్నందువల్ల అంచనా తప్పడం ఒకటి, గీసినవారు లోకాన్ని సరిగా చూడనందువల్ల తప్పడం మరొకటి. ఈ రెండోది ఆమెకే ఎదురైంది. ఆమె వ్యక్తిత్వంలోని ఔన్నత్యం నాకు పూర్తిగా తెలిసింది అప్పుడే.

ఒక చలికాలంలో, శని ఆదివారాలు గడపడానికి ఆమె కుటుంబం ఒట్టావాకు పడమరగా సరస్సు పక్కన ఒక కాటేజీ అద్దెకు తీసుకుంది. పొరుగున వృద్ధ దంపతులు ఉన్నారు. వాళ్ల హాలులో ఇల్లు వెచ్చబరిచే ఇనుప స్టవ్ ఒకటి కట్టెలతో మండుతోంది. టీకి పిలిస్తే వెళ్లిన ఇందుమతి గారు, దాన్ని ఎప్పుడు మారుస్తారని మాటల సందర్భంలో అడిగారట. ఎందుకు మార్చాలి, బాగానే మండుతోంది కదా, ఇది మా నాన్నది అన్నాడట ఆ పెద్దాయన. అది మామూలు జవాబే. కానీ ఆమెకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఐరోపా ఇళ్లలో పాత కట్టెల స్టవ్‌లు నిర్ణీత ఆయుష్షు తీరగానే పోయి, వాటి స్థానంలో పొగ తక్కువ వచ్చే కొత్తవి వస్తాయని బేస్‌లైన్‌లో రాసి ఉంది. చలికాలంలో అక్కడి ఊళ్లను కమ్మే సూక్ష్మధూళిలో ఆ స్టవ్‌ల వాటా పెద్దది. ఆ ఆయుష్షును చాలా ఏళ్ల కిందట నిర్ణయించింది ఆమే. కారులాగా, ఫ్రిజ్ లాగా స్టవ్ కూడా పాడైతే మారుస్తారనుకున్నారు. ఇనుము అంత తొందరగా పాడవదు.

సోమవారం నుంచి ఆమె, నేను అదే పనిలో పడ్డాం. ఆయా దేశాల నిపుణులకు రాసి, ఇళ్లలో ఉన్న స్టవ్‌ల వయసు ఎవరైనా కనుక్కున్నారా అని అడిగాం. కొందరు కనుక్కున్నారు. వచ్చిన జవాబులన్నీ ఒకే దిక్కు చూపించాయి. స్టవ్‌లు మేం అనుకున్నదానికంటే బాగా పాతవి. లెక్క మళ్లీ వేస్తే సూక్ష్మధూళి గీత పైకి లేచింది. దానంతటదే గాలి బాగుపడుతుందని మేం రాసిచ్చిన ఊళ్లలో కొన్ని, అసలు బాగుపడేవి కావని తేలింది.

కొత్త పరిమితుల మీద ఐరోపా దేశాల ప్రతినిధుల కీలక సమావేశం దగ్గర పడింది. మా సంస్థ అధిపతి ఒక కెనడియన్, మంచి మనిషి. ఆయన భయం అర్థం చేసుకోదగినదే. ఇన్నేళ్లు ఒక గీత చూపించి, ఇప్పుడు ఇంకో గీత చూపిస్తే ఎవరు నమ్ముతారు? ఒప్పందం పోతే జట్టంతా వీధిన పడుతుంది. ప్రస్తుతానికి పాత గీతే ఉంచి, అడుగున ఒక చిన్న గమనిక రాసి, తరువాతి విడతలో మారుద్దామన్నారు. ఇందుమతి గారు ఆయన చెప్పిందంతా విని, ఆలోచిస్తానని బయటికొచ్చారు.

ఆ మధ్యాహ్నం నన్ను కాఫీకి తీసుకెళ్లారు. నేనప్పుడు వర్క్ పర్మిట్ మీద ఉన్నాను. ఆ ఉద్యోగాన్ని చూపించే శాశ్వత నివాస హక్కుకి, అంటే పీఆర్‌కి అప్లై చేసి ఎదురుచూస్తున్నాను. అది ఆమెకు తెలుసు.

"నేను సమావేశంలో తప్పు ఒప్పుకుంటాను స్వప్నా. దానివల్ల ఒప్పందం పోవచ్చు. ఒప్పందం పోతే నీ జాబ్ పోతుంది, నీ పీఆర్ చిక్కులో పడుతుంది. నీకు చెప్పకుండా ఆ పని చేయకూడదనిపించింది" అన్నారు.

మా నాన్న నా చదువుకు ఎంత కష్టపడ్డాడో, ఊళ్లో వాళ్లకు ఏం చెప్పాడో అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. "నేను వద్దంటే ఆపుతరా మేడమ్?" అని అడిగాను.

ఆమె నా కళ్లలోకి చూశారు. "ఆపను. నీకు అబద్ధం చెప్పలేను. కానీ ఈ రోజు నుంచే నీకు ఇంకో ఉద్యోగం వెతుకుదాం. అది నా బాధ్యత."

ఆపుతానని ఒక్క మాట అని ఉంటే నాకు ఆ పూట ఎంతో ఊరటగా ఉండేది. ఆ తరువాత ఆమె మీద ఇంత గౌరవం ఉండేది కాదు. అయితే ఆ గౌరవం వెంటనే రాలేదు. కొన్ని వారాలు ఆమెతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఆమె బతిమాలలేదు, సంజాయిషీ చెప్పలేదు. రోజూ ఉదయం నా ఇన్‌బాక్స్‌లోకి ఏదో ఒక ఉద్యోగ ప్రకటన మాత్రం వచ్చి పడుతుండేది.

సమావేశం ఆన్‌లైన్‌లో జరిగింది. ఒట్టావాలో ఇంకా చీకటి విడవలేదు. కిటికీ బయట మంచు ఊడ్చే బండి తిరుగుతోంది. ఆమె మొదట పాత గీతను చూపించి, "ఇది తప్పు. దీన్ని గీసింది నేను" అన్నారు. తరువాత ఎలా తప్పిందో, ఎక్కడ తప్పిందో తడబాటు లేకుండా వివరించారు. ఒక దేశపు ప్రతినిధి కటువుగా, నిన్నటి గీత తప్పయితే నేటి గీతను ఎందుకు నమ్మాలని ప్రశ్నించాడు. ఆమె సమాధానం ఇంగ్లీషులో చెప్పినా నాకు తెలుగులోనే జ్ఞాపకం ఉంది. "నమ్మవద్దు. మీ దేశంలో స్టవ్‌ల వయసు మీరే కనుక్కుని నాకు పంపండి. నాది తప్పని తేలితే మళ్లీ ఇక్కడికే వచ్చి చెబుతాను." తెర మీద చిన్న చిన్న గడుల్లో కొందరు తలలు వంచి రాసుకోవడం కనిపించింది.

మా సంస్థ అధిపతి భయపడిందే జరిగింది. ఒప్పందం పొడిగించలేదు. కారణం ఎవరూ రాయలేదు. జట్టు చెదిరిపోయింది. ఇందుమతి గారు తన పదవీ విరమణను ముందుకు జరుపుకున్నారు. తన జీతం మిగిలితే ఇంకొకరికి కొన్ని నెలలు గడుస్తుందన్నది ఆమె ఆలోచన. ఆ సంగతి కూడా నాకు అధిపతి చెబితేనే తెలిసింది.

నాకు మార్కమ్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కంపెనీ నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఆమె పంపిన ప్రకటనలలో ఒకటి అది. బస్సులో వెళతానంటే వినకుండా తానే డ్రైవ్ చేసుకుంటూ తీసుకెళ్లారు. దారి పొడవునా వాన. దారిలో ఒకచోట ఆగి ఇడ్లీ డబ్బా విప్పారు. అక్కడ, కారులోనే, నేను చివరికి అడిగేశాను, మీకు భయం కాలేదా అని.

"అయింది. నీ గురించే ఎక్కువ అయింది" అన్నారు. ఇడ్లీ నాకు అందించి, మళ్లీ అన్నారు. "ఆ ఊళ్లలో పిల్లలున్నారు స్వప్నా. మీ గాలి బాగుపడుతుందని నేను రాసిచ్చాను. బాగుపడదని తెలిశాక కూడా ఆ కాగితం అక్కడే ఉండనిస్తే, వాళ్లకు రావాల్సిన చట్టాన్ని నేనే అడ్డుకున్నట్టు. నువ్వు నా ఎదురుగా ఉన్నావు, నీకు చెప్పుకోగలిగాను, నీకోసం తిరగగలను. వాళ్లెవరో నాకు తెలియదు. తెలియనివాళ్లకు మనం చేయగలిగింది నిజం రాయడం ఒక్కటే."

ఆ ఉద్యోగం నాకు వచ్చింది. పీఆర్ ఆలస్యమైనా వచ్చింది. తరువాతి విడత అంచనాలు వేరే బృందం తయారుచేసింది. ఆనాడు కటువుగా ప్రశ్నించిన ప్రతినిధి దేశం సర్వే చేయించి స్టవ్‌ల వయసు పంపింది. కొత్త గీత ఆమె దిద్దిన గీతకు చాలా దగ్గరగా వచ్చింది. చర్చల్లో ఇళ్లలోని స్టవ్‌లు ప్రత్యేక అంశమయ్యాయి, పాతవాటిని మార్చేందుకు కొన్ని దేశాలు నిబంధనలు తెచ్చాయి. ఆ నివేదికలో ఎక్కడా ఆమె పేరు లేదు. నేను కోపంతో ఫోన్ చేస్తే, "స్టవ్‌లు లెక్కలోకి వచ్చాయి కదా, ఇంకేం కావాలి" అని, మా అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో అడిగారు.

ఆ తరువాత జబ్బు బయటపడింది. రక్తానికి సంబంధించినది. స్పెషలిస్టు, చికిత్స తీసుకుంటే ఇంత కాలం, లేకపోతే ఇంత కాలం అని చెప్పబోతుంటే ఆమె చేయెత్తి వారించారట. చికిత్స తీసుకుంటాను, కాలం మాత్రం చెప్పవద్దన్నారట. పక్కనే ఉన్న కూతురు అనన్య ఆశ్చర్యపోయి, "అమ్మా, దిస్ ఈజ్ లిటరల్లీ యువర్ జాబ్" అంది. దానికి ఆమె చెప్పిన మాట అనన్య నాకు పొల్లుపోకుండా చెప్పింది. "నా లెక్కలు కోట్లమందికి. అంతమంది ఉంటే సగటుకు అర్థం ఉంటుంది. నేనొక్కదాన్నే కదా, నాకు సగటేమిటి?"

పోయిన వేసవిలో అడవులు తగలబడి, ఆ పొగ ఒట్టావాను కమ్మినప్పుడు నేను ఆమెను చూడటానికి వెళ్లాను. కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. సూర్యుడు నారింజ రంగులో బిళ్లలా ఉన్నాడు. నీరసంగా ఉన్నా దిండుకు ఆనుకుని కూర్చుని ఆ ఆకాశాన్నే చూస్తున్నారు. మనుషులు చేసే పొగకే తాము జీవితమంతా లెక్క రాశామనీ, అడవి చేసే పొగకు తమ లెక్కలో గడి లేదనీ, ఇప్పుడు ఈ రెండింటి మధ్య గోడ కూలిపోతోందనీ అన్నారు. ఆ మాటల్లో నిరాశ లేదు. ఒక లెక్క అసంపూర్తిగా ఉందన్న పట్టుదలే వినిపించింది. మీ తరం దాన్ని ఎలా రాస్తుందో ఆలోచించు అన్నారు. నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

అంత్యక్రియలు బుధవారం జరిగాయి. ఐరోపా నుంచి ఎందరో పాత సహోద్యోగులు సందేశాలు పంపారు. అనన్య వాటిని ఇంగ్లీషులో చదివింది, సగం అయ్యాక కాగితాలు మా పాత అధిపతికి అందిస్తే ఆయన లేచి మిగతావి పూర్తిచేశారు. జనం వెళ్లిపోయాక నేను ఇంట్లో గిన్నెలు సర్దుతుంటే, రామ్మోహన్ అంకుల్ వంటగదిలోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

"ఒక మాట అడుగుతానమ్మా, ఏమీ అనుకోకు" అన్నారు. "ఇవాళ వాళ్లు చదివినవన్నీ విన్నాను. పొద్దున్నే లేచి మీటింగ్‌లకు కూర్చునేది, గాలికి సంబంధించిన పని అని తెలుసు. అంతకు మించి ఏనాడూ కూర్చోబెట్టి అడగలేదు. నా ఉద్యోగం హడావుడి నాది. తను కూడా చెప్పలేదు. ఇందు ఏం చేసేదో నాకు మొదటి నుంచీ చెప్తావా?"

చేతులు తుడుచుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. అనన్య వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడింది. బేస్‌లైన్ అంటే ఏమిటో అక్కడి నుంచి మొదలుపెట్టాను. బొగ్గు కేంద్రాల సంగతి, స్టవ్‌ల సంగతి, ఆ చీకటి ఉదయం సమావేశంలో ఆమె అన్న మాట, అన్నీ చెప్పాను. ఆయన మధ్యలో ఇంజనీరులాగా ప్రశ్నలు వేశారు, మంచి ప్రశ్నలు. కొన్నింటికి నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబులు తెలిసిన ఒక్క మనిషి ఆ ఇంట్లోంచి రెండు రోజుల కిందటే వెళ్లిపోయారు. అది మా ముగ్గురికీ ఒకేసారి తట్టినట్టుంది. తరువాత ఆయన, "ఊఁ, చెప్పమ్మా" అన్నారు. తెలిసినంత వరకు చెప్పాను.

సత్యనిష్ఠ అనే మాటను సంస్మరణ వ్యాసాలలో ఉదారంగా వాడుతుంటారు. నేను ఆ మాటను ఈ ఒక్కరి కోసం వాడుతున్నాను. ఆమె ఎన్నడూ చూడని ఊళ్లలో, ఆమె పేరు ఎన్నడూ వినని పిల్లలు ఈ చలికాలం కాస్త మేలైన గాలి పీలుస్తారు. ఇందుమతి గారికి నా కన్నీటి నమస్సులు.